రోహిణి కార్తెలో మంచు పోసిన మామ్మ

రండి, గుమ్మంలోనే నిలబడిపోయారేం? చాప వేశాను, ఫ్యాను గాలి ఇటే బాగా తగులుతుంది. పొయ్యి మీద పాలుంటే దించి రండి, మధ్యలో లేస్తే నేను ఊరుకోను. చంటిపిల్లలుంటే ఒళ్ళో కూర్చోబెట్టుకోండి, వాళ్ళూ వినాల్సిన సంగతే. మా జగ్గయ్యపేటలో, మా ఎదురింట్లో ఉన్న ఒక మనిషి సంగతి. ఆవిడ పేరు మాత్రం అడగకండి. వీధిలో పిల్లలందరికీ మంచు మామ్మ, నాకు అక్కయ్య. చుట్టరికం ఏమీ లేదు, ఎదురెదురు గుమ్మాల చుట్టరికమే.

పోయిన వానాకాలం అక్కయ్య వెళ్ళిపోయింది. పెద్ద వయసు, ఎవరి చేతా చేయించుకోకుండా పోయింది, ఏడవాల్సిన చావు కాదని అందరూ అన్నారు. నేను ఏడ్చాను, అది వేరే. తర్వాత పనుల్లో పడి కాస్త సర్దుకున్నాను. మొన్న క్రిస్మస్ ముందు నందిగామ వెళితే, బస్టాండు దగ్గర ఫ్యాన్సీ షాపు ముందు థర్మాకోల్ మంచుబొమ్మ నిలబెట్టి ఉంది. పొడుగు ముక్కు, ఎర్ర మఫ్లరు, చుట్టూ మెరుపు కాగితాలు. చూడగానే నాకు నవ్వు తన్నుకొచ్చింది.

"ఏంటమ్మా నవ్వుతున్నారు?" అన్నాడు షాపాయన.

"వీడి పెళ్ళాం ఏదయ్యా?" అన్నాను.

ఆయన నా వంక ఎగాదిగా చూశాడు. ఆయన తప్పేం లేదు, ఆ ప్రశ్న నాది కాదు కదా, అక్కయ్యది. మంచుబొమ్మ ఎక్కడ కనబడినా, పిల్లల పుస్తకంలో అయినా సరే, ఫోనులో అయినా సరే, ఆవిడ మొదట అడిగేది అదే. "ఆ చలిలో ఒంటరిగా నిలబెట్టారేం పాపం? పెళ్ళాం ఉంటే కుంపటైనా పెట్టేది కదా!"

అక్కయ్యకు మంచు మీద అంత అధికారం ఎలా వచ్చిందో చెప్పాలి. మా పేట నుంచి ఒకసారి కొంతమంది బస్సు మాట్లాడుకుని బదరీ యాత్రకు వెళ్ళారు. కొండల్లో ఒకచోట రోడ్డు పక్కనే మంచు కుప్పలుగా పడి ఉందట. బస్సు ఆపారు. అందరూ ఫొటోలు దిగుతుంటే, దేవుడి కొండ కదా అని అక్కయ్య చెప్పులు విప్పేసి మంచులోకి నడిచింది. మనవాళ్ళే చేయగల పని అది. కాళ్ళు కొయ్యబారిపోయి, ఇద్దరు పట్టుకుని బస్సెక్కించాల్సి వచ్చింది. ఎక్కేముందు మాత్రం, దారికి పట్టుకెళ్ళిన ఆవకాయ సీసా ఖాళీ అయితే, దాన్నిండా మంచు కూరి మూత బిగించి మరీ ఎక్కింది.

పేట వచ్చేసరికి సీసాలో ఉన్నవి ఎర్రటి నీళ్ళు, పైన నూనె తెట్టు. అయినా పారబోస్తుందా! వీధి వీధంతా పిలిచి ఉద్ధరిణెతో పోసింది. మేం కళ్ళకద్దుకుని తాగాం. వాళ్ళాయన, నేను బావగారనేదాన్ని, మాట తక్కువ మనిషి, తాగి మూతి తుడుచుకుని, "కొండ మీద కూడా ఆవపిండి మన పాళ్ళలోనే కలుపుతున్నారే" అన్నారు. అక్కయ్య ఆయన వంక ఒక్క చూపు చూసింది. ఆ పూట ఆయనకు మారు అన్నం వడ్డించలేదు.

అప్పటినుంచీ చలి అనే మాట ఆవిడ ముందు ఎవరూ ఎత్తడానికి లేదు. పొద్దున్నే మంకీ క్యాపు పెట్టుకుని పాలకు వెళ్ళేవాళ్ళను గుమ్మంలో ఆపేది. "ఇది చలా? మంచులో వట్టికాళ్ళతో నడిచినదాన్ని, నేను చెబుతున్నా, తియ్ ఆ టోపీ!" ఒక పెళ్ళిలో పెళ్ళికూతురు వస్తుంటే నేల మీద తెల్లటి పొగ వదిలారు. అందరూ మంచులో నడిచొస్తోంది అంటున్నారు. అక్కయ్య భోజనాల వరసలోంచి లేచి వెళ్ళి, "పొగని మంచంటారేంటయ్యా? పిల్లకి దగ్గొస్తే తాళి ఎట్లా కడతారు? ఆపండి!" అంది. ఆపారు. ఆవిడ చెబితే ఆపాల్సిందే.

మంచు గురించి చెప్పేటప్పుడు ఒక అలవాటుండేది. బొటనవేలిని మిగతా వేళ్ళ మీద రాస్తూ చెప్పేది, చిటికెడు పిండిని నలుపుతున్నట్టు. ఆ వేళ్ళ మధ్య మంచు ఇంకా ఉందేమో అన్నట్టు పిల్లలు మెడలు చాచి చూసేవాళ్ళు. వేసవి మధ్యాహ్నాలు ఇంకా బడికి పోని చిన్నవాళ్ళంతా ఆవిడ వసారాలోనే. అమ్మలు కాస్త నడుం వాల్చుకునేవాళ్ళు. అక్కడ మంచు ఆటలు. రెండు ఐసు ముక్కలు తెచ్చి ఒకటి ఎండలో, ఒకటి నీడలో పెట్టి, "ఏది ముందు కరుగుద్దిరా?" అని పందెం వేయించేది. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళను వీపున ఎక్కించుకుని వసారా అంతా తిప్పాలి. చింతగింజలు పోసి లెక్క పెట్టించేది. చల్లనివన్నీ ఒకవైపు, వెచ్చనివన్నీ ఒకవైపు చెప్పమనేది. పక్కింటి కవలల్లో ఒకడు మజ్జిగ, పుచ్చకాయ, మామ్మ చెయ్యి చల్లన అని, వాళ్ళ నాన్న కోపం వెచ్చన అన్నాడు. ఆ మాట సాయంత్రానికి వాళ్ళ నాన్న దాకా చేర్చింది కూడా అక్కయ్యే.

ఇప్పుడు మా జున్ను సంగతికి వస్తాను.

జున్ను నా మనవరాలు, కొడుకు కూతురు. అప్పటికి నాలుగేళ్ళు. ఆ చలికాలం ఒకరోజు పొద్దున్నే మా కోడలు అట్లు పోస్తుంటే, స్టూలెక్కి కుడిచెయ్యి పెనం మీద ఆనించేసింది. ఆ కేక ఇప్పటికీ నా చెవిలో ఉంది. నందిగామ డాక్టరుగారు మంచివారు, శ్రద్ధగా చూశారు. పుండు మానింది. చర్మం కూడా బాగానే వచ్చింది. కానీ పిల్ల ఆ గుప్పిట తెరవడం మానేసింది. అన్నం ఎడమచేత్తో, బొమ్మలు ఎడమచేత్తో, నిద్రలో కూడా ఆ పిడికిలి గుండెలకు హత్తుకునే ఉండేది. ఎవరైనా ఆ చెయ్యి ముట్టుకోబోతే ఇల్లెగిరిపోయేలా అరిచేది.

ఉగాది వెళ్ళాక మళ్ళీ తీసుకెళితే డాక్టరుగారు చెప్పారు. "ఇప్పుడు నొప్పేం ఉండదమ్మా, భయమే. కానీ వేళ్ళు చాపకపోతే చర్మం అట్లాగే ముడుచుకుపోయిద్ది. బలవంతంగా లాగొద్దు, ఆడిస్తూ ఉండండి. వానలు పడేలోపు తెరవకపోతే బెజవాడలో ఆపరేషన్ చేయించాల్సి వస్తది."

మా కోడలు దారి పొడుగునా జున్ను పిడికిలి వంకే చూస్తూ కూర్చుంది. ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడి ఏడ్చింది. ఎదురింటి నుంచి అక్కయ్య పమిట చెంగు నడుముకు దోపుకుంటూ వచ్చింది. అంతా విన్నది.

"చల్లటిది తగిలితే ఏమన్నా అయిద్దన్నారా డాక్టరుగారు?" అంది.

"మానింది కాబట్టి కాసేపు ఫర్లేదన్నారు" అన్నా.

"ఇంకేం! రేపు సాయంత్రానికి తెరిపిస్తా చూడండి. మంచు ముట్టుకున్నదాన్ని నేను!"

మర్నాడు రిక్షాలో ఐసుగడ్డ వచ్చింది. గోనెపట్టాలో చుట్టి, చుట్టూ ఊక పోసి. వసారాలో దించి, గోనె విప్పి, "రావే జున్నూ, మంచు!" అని పిలిచింది. పిల్లలంతా చేరారు. జున్ను భయం భయంగా వచ్చి ఎడమచేతి వేలితో ముట్టుకుంది. ఒక్క క్షణం అలాగే ఉంచి, "అమ్మా, కాలింది!" అని కెవ్వుమంది. పరుగెత్తుకెళ్ళి వాళ్ళమ్మ చీరలో ముఖం దాచుకుంది. కుడి పిడికిలి ఇంకా బిగుసుకుంది.

మా కోడలు నెమ్మదస్తురాలు. కానీ ఆ రోజు, "మీ మంచు మీ దగ్గరే ఉంచుకోండి మామ్మగారూ, మా పిల్లనొదిలెయ్యండి" అనేసింది.

అక్కయ్యను ఎవరైనా అలా అనడం నేనెప్పుడూ వినలేదు. తిరిగి అంటుందనుకున్నాను. ఆవిడేమో ఐసుగడ్డ పక్కన కూర్చుని, దాని మీద తన అరచెయ్యి ఆనించింది. అలాగే చాలాసేపు ఉంచింది. చెయ్యి ఎర్రబడింది. తీసి చూసుకుని నాతో అంది, "పిల్ల చెప్పింది నిజమేనే చెల్లీ. కాలుతోంది."

ఆ చెయ్యి చెంగుకు తుడుచుకుంటూ, "నేను ముట్టుకున్నది ఇది కాదు. అది ముందు మెత్తగా తగిలింది, పిండిలాగా. చలి తర్వాత తెలిసింది. నేను వెనకనించి మొదలెట్టా" అంది.

ఆ మర్నాటినుంచి ముందునుంచి మొదలుపెట్టింది. ఇంట్లో ఉన్న బూరుగు దూది దిండ్లు రెండు విప్పింది. ఒకటి బావగారిది. ఆయన మధ్యాహ్నం నిద్రకు వచ్చి తడుముకుంటే దిండు లేదు. హాల్లో ఫ్యాను జోరుగా తిప్పి, మంచం మీద నిలబడి దూది గుప్పిళ్ళతో పైకి విసిరింది. మంచు కురిసింది! మా ఎండల పేటలో, మధ్యాహ్నం పూట, నడింట్లో. పిల్లలు కేరింతలు. జున్ను గుమ్మం అవతలే నిలబడి చూసింది. రెండో రోజు గుమ్మం దాటింది. మూడో రోజుకు ఎడమచేత్తో దూది పట్టి కవలల మీద చల్లింది. ఆ వారమంతా మా వీధిలో కూరల్లో, మజ్జిగలో, బావగారి మీసాల్లో దూదే.

"హిమాలయాలకి నేను పోనక్కర్లేదమ్మా, ఇంట్లోకే వస్తన్నయ్" అన్నారాయన, మీసం దులుపుకుంటూ.

తర్వాత బియ్యప్పిండి. ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచి పెద్ద పళ్ళెంలో పరిచేది. వేలితో అ ఆలు రాయించేది, నున్నగా చెరిపి మళ్ళీ రాయించేది. మంచులో దారులు గీయించేది. జున్ను అన్నీ ఎడమచేత్తోనే. అక్కయ్య ఆ కుడిచేతి ఊసే ఎత్తలేదు. చూడనట్టే ఉండేది. నాకే ఆత్రం ఆగలేదు. "అక్కయ్యా, రోజులు పోతున్నాయి" అన్నా. "పోనియ్. నీ పని చూసుకో" అంది.

ఒకరోజు పిల్లలతో, "రాత్రి మంచులో ఎవరో నడిచారర్రా!" అంది. పళ్ళెంలో చిన్నచిన్న పాదాలు. మీకు తెలుసు కదా, కృష్ణాష్టమికి గుమ్మంలోంచి దేవుడింటి దాకా కృష్ణయ్య పాదాలు వేస్తాం. గుప్పిట మూసి, పిండిలో ముంచి, చిటికెనవేలి వైపు అంచు నేల మీద అద్దితే పాదం వస్తుంది. పైన వేలికొసలతో అయిదు చుక్కలు పెడితే కాలివేళ్ళు. అదే ఆట. కవలలు ప్రయత్నించారు, వాళ్ళ గుప్పిళ్ళు వదులు, పాదం బాతు అడుగులా వచ్చింది.

"ఉహూ. గుప్పిట గట్టిగా ఉండాలిరా. మీవల్ల కాదు. ఎవరిదన్నా మంచి గట్టి గుప్పిటుందా ఇక్కడ?" అంది అక్కయ్య, పైకప్పు చూస్తూ.

జున్ను ముందుకొచ్చింది. ఇన్ని నెలలుగా ఎవరికీ ఇవ్వని ఆ పిడికిలిని తీసుకెళ్ళి పిండిలో అద్దింది. ముద్దుగా, బొద్దుగా పాదం పడింది.

"అబ్బ! ఇదీ పాదమంటే!" అని అక్కయ్య తొడ మీద చరిచింది. కవలలు కుళ్ళుకున్నారు. జున్ను మళ్ళీ అద్దింది. మళ్ళీ. పళ్ళెం నిండా నడిపించింది.

"పాదాలు భలే ఉన్నయ్ గానీ, కాలివేళ్ళేవే? వేళ్ళు లేకపోతే మంచులో జారి పడతాడు కృష్ణయ్య" అంది అక్కయ్య.

జున్ను ఎడమచేత్తో పెట్టబోయింది. "ఊహూ, ఏ చేత్తో పాదం వేస్తే ఆ చేత్తోనే వేళ్ళు పెట్టాలి. మా అత్తగారు అట్లాగే నేర్పింది, ఇంకోలా చేస్తే ఒప్పుకోను." అలాంటి నియమం నేనెక్కడా వినలేదు. అక్కయ్య అప్పటికప్పుడు కల్పించింది. వాళ్ళ అత్తగారి మీద పెట్టింది, ఆవిడెలాగూ కాదనలేదుగా!

జున్ను చాలాసేపు చూసింది. ఆ పిడికిలిలోంచి చిటికెనవేలు, నత్త తల బయటపెట్టినట్టు, కొంచెం వచ్చింది. ఒక చుక్క పెట్టి గభాల్న లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చింది. వారం తిరిగేసరికి చూపుడువేలు కూడా వచ్చింది. కానీ అరచెయ్యి తెరుచుకోలేదు. కాలింది అక్కడే కదా, అక్కడ మాత్రం కాపలా వదల్లేదు.

రోళ్ళు పగిలే రోహిణి కార్తె వచ్చేసింది. రోడ్డు మీద సిమెంటు లారీ పోతే వేడిగాలి ఇంట్లోకి కొట్టేది. వానలకు ఇంకెన్నో రోజులు లేవు. మా అబ్బాయి బెజవాడ ఆసుపత్రికి ఫోను చేసి కనుక్కున్నాడు కూడా. ఆ రోజుల్లోనే అక్కయ్య, ఐసు గీరి రంగునీళ్ళు పోసి అమ్మే గోలా బండి ఆయన్ను వీధి మధ్యలో ఆపింది.

"ఐసు గీరవయ్యా, చిత్రిక పట్టినట్టు సన్నగా. రంగు పోయమాక. తాంబాళం నిండా కావాలి."

"రంగు లేకుండా ఎవరు తింటారమ్మా?"

"తినటానికి కాదు. మనిషిని చెయ్యాలి."

ఆయన తలపాగా సర్దుకుని, ఏమీ అర్థం కాకపోయినా గీరడం మొదలుపెట్టాడు. తెల్లగా, పొడిపొడిగా రాలింది. అక్కయ్య కొంచెం తీసుకుని బొటనవేలితో నలిపి చూసింది. ఆ ముఖం నేను మరిచిపోలేను. "ఇదేనే చెల్లీ! ఇదే!" అంది.

వసారాలో తాంబాళంలో మంచుమనిషి లేచాడు. చింతగింజల కళ్ళు, దొండకాయ ముక్కు, బావగారి తువ్వాలు తలపాగా. పక్కన వాడి పెళ్ళాం, పెద్ద కుంకుమబొట్టుతో. మా కోడలు కూడా వచ్చి స్తంభం పక్కన నిలబడింది. ఆ ఎండకు మంచు ఆగుతుందా? చూస్తుండగానే కింద నీళ్ళు కారుతున్నాయి. "పొయ్యండ్రా, అద్దండ్రా!" అని అక్కయ్య కేకలు. కవలలు ఇద్దరూ వాడి నడుం పట్టుకున్నారు. అక్కయ్య రెండు చేతులూ పెళ్ళానికి ఆసరాగా ఉన్నాయి. మంచుమనిషి తల మెల్లగా పక్కకు ఒరిగింది.

"తల! తల పోతంది! జున్నూ, పట్టుకో!"

జున్ను పట్టుకుంది. రెండు చేతులతో. ఎడమచెయ్యి ఒకవైపు, కుడిచెయ్యి ఒకవైపు, పది వేళ్ళూ చాచి, దోసిట్లో తలను ఆపింది. కుడి అరచెయ్యి పూర్తిగా మంచుకు ఆని ఉంది. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు మోచేతి దాకా కారుతున్నాయి.

మా కోడలు "అమ్మా..." అనబోయింది. అక్కయ్య అటు తిరగకుండానే కనుబొమలతో ఆపింది. నేను స్తంభాన్ని కరుచుకున్నాను. గోలా బండి ఆయన గీరడం ఆపేశాడు, ఏం జరిగిందో ఆయనకు తెలియకపోయినా.

"వదలమాకు. గట్టిగా అదుము. తల నిలవాలంటే అదమాలి. చల్లగుందా?" అంది అక్కయ్య, గొంతులో ఏ తేడా లేకుండా.

"చల్లగుంది."

"కాలతందా?"

జున్ను ఆలోచించింది. "లేదు. మెత్తగుంది" అంది.

అప్పుడు చూసుకుంది తన చెయ్యి. మళ్ళీ మూసేస్తుందేమో అనుకున్నాను. మూయలేదు. ఇంకో గుప్పెడు మంచు తీసి, ఆ చేత్తోనే, వాడి నెత్తిన అద్దింది. వాడు కరిగి తాంబాళమంతా నీళ్ళయ్యేదాకా వదల్లేదు. మా కోడలు వెళ్ళి అక్కయ్యను వాటేసుకుంది. అక్కయ్య, "అబ్బ, వదలవే, వీడి పెళ్ళాం పడిపోతంది" అంది గానీ ఆవిడ కళ్ళలోనూ నీళ్ళే.

ఆ రోజు గోలా బండి ఆయన రంగు సీసాలన్నీ ఖాళీ అయ్యేదాకా వీధి వీధంతా గోలా తిన్నాం. బావగారు కూడా. ఆయన మీసాలు ఎర్రగా అయ్యాయి.

తర్వాత రోజూ మంచే. అదమడం, నలపడం, ఉండలు చేసి లెక్కపెట్టడం. తొలకరి పడ్డ వారంలో నందిగామ వెళ్ళాం. అక్కయ్య పట్టుచీర కట్టుకుని మరీ వచ్చింది. డాక్టరుగారు జున్ను చెయ్యి పట్టుకుని ఒక్కొక్క వేలూ వంచి చాపి చూశారు. కళ్ళజోడు తీసి, "ఆపరేషన్ అక్కర్లేదమ్మా. పండగ చేసుకోండి!" అన్నారు. జున్ను ఆయనకు చెయ్యి ఊపింది. ఆ చెయ్యే.

వచ్చేటప్పుడు బస్సు కిక్కిరిసి ఉంది. కండక్టరు మా టికెట్లు కొట్టి ముందుకు పోబోతే అక్కయ్య చొక్కా పట్టుకుని ఆపింది.

"దీనిక్కూడా ఓ టికెట్టు కొట్టవయ్యా!"

"చిన్నపిల్లకి టికెట్టెందుకమ్మా? అక్కర్లేదు."

"ఎందుకేంటి? చేత్తో పట్టుకోటానికి!"

ఇక బస్సంతటికీ కథ మొదలుపెట్టింది. పెనం, గుప్పిట, దూది, కృష్ణ పాదాలు, గోలా, అన్నీ. నిలబడ్డవాళ్ళు ఒంగి ఒంగి విన్నారు. ముక్త్యాల పోవాల్సిన ఒకాయన, చిల్లకల్లులో దిగాల్సిన ఒకావిడ, ఎవరి సంగతి వాళ్ళు మరిచిపోయారు. కథ అయ్యేసరికి కండక్టరే నవ్వుతూ వెనక్కి వచ్చాడు. టికెట్టు చింపి, పెద్దవాళ్ళకు ఇచ్చినట్టే, "తీసుకోండమ్మగారూ" అని జున్ను ముందు పట్టాడు.

జున్ను కుడిచెయ్యి చాపింది. అయిదు వేళ్ళూ విప్పి, అరచేతిలో టికెట్టు పెట్టించుకుని, గాలికి ఎగరకుండా బొటనవేలితో నొక్కి పట్టింది. బస్సులో చప్పట్లు పడ్డాయి. అందరికంటే గట్టిగా కొట్టింది అక్కయ్యే.

ఇదీ ఆ మనిషి. ఇంతసేపు నా మాట విన్నారు, చల్లగా ఉండండి. మీ ఇల్లు పిల్లలు ఆడుకునే చేతులతో కళకళలాడాలి, వాళ్ళకు దెబ్బ తగిలిన చోటల్లా చర్మంతో పాటు ధైర్యం కూడా మొలవాలి, మండు వేసవిలో సైతం మీ వసారాలో ఎవరో ఒకరు మంచు కురిపించాలి. మీ గడప పచ్చగా, మీ కడుపు చల్లగా ఉండాలి.